కప్పు లేని జీపులో పాట: కంపెనీ సెట్టు తీయకుండానే బాగుచేసుకొనే విధం
– ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి

విజ్ఞాన శాస్త్రం ప్రయోగశాల నాలుగు గోడల మధ్యే ఉంటుందని, రికార్డు పుస్తకం మీద లెక్చరరు గారి సంతకం పడగానే దాని పని అయిపోతుందని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి ఓమ్ సూత్రం, విలోమ వర్గ సూత్రం, సంవర్గమానాలు మన ఇంటి ముందు నిలబెట్టిన బండిలోనే కూర్చుని ఉంటాయి. పలకరించేవాళ్ళు లేక ఊరుకుంటాయి, అంతే. ఈ వ్యాసంలో అలాంటి ఒక చిన్న విషయం తీసుకుంటాను. కప్పు లేని జీపులో, డ్యాష్‌బోర్డులో కంపెనీవాళ్ళు బిగించిన సెట్టును అలాగే ఉంచి, పాట చక్కగా వినపడేటట్లు చేసుకోవడం ఎలా?

ఇదేమి గొప్ప విషయం, షాపుకి తీసుకెళ్తే వాళ్ళే చేసి పెడతారు కదా అని మీరు అనవచ్చు. చేస్తారు, కాదనను. కానీ ఏం చేశారో మనకి తెలియకపోతే మూడు నష్టాలున్నాయి. డబ్బు దండగ కావడం మొదటిది, బండిలో నిప్పు పుట్టే అవకాశం రెండవది. చెవులు పోవడం మూడవది. అందుకని కొంచెం ఓపిగ్గా చదవమని మనవి.

1. మూసిన కారు – తెరచిన జీపు

మన దేశంలో మహీంద్రావారు 1947లో విల్లీస్ జీపుల్ని కూర్చడం మొదలుపెట్టారు. ఆ వంశంలోదే 2010లో వచ్చిన థార్. 2020 అక్టోబరులో వచ్చిన రెండవ తరం థార్‌లో 7 అంగుళాల తెర ఉన్న సెట్టు, తలపైన అమర్చిన స్పీకర్లు వచ్చాయి, టాపు మడిచే రకం కూడా వచ్చింది. టాపు వేసి ఉన్నప్పుడు పాట బాగానే ఉంటుంది. టాపు మడిచి రోడ్డెక్కితే పాట ఎక్కడికో పోతుంది. ఎక్కడికి పోతుంది?

మూసిన కారులో ధ్వని అద్దాలకీ కప్పుకీ తగిలి పరావర్తనం చెంది మళ్ళీ మన చెవికే వస్తుంది. అంతేకాదు, కారు లోపలి పొడవు 2.5 మీటర్లు అనుకుంటే, అర్ధ తరంగదైర్ఘ్యం అంతకంటే ఎక్కువగా ఉన్న ధ్వనులకు, అంటే సుమారు 70 హెర్ట్జుల కన్నా తక్కువ పౌనఃపున్యాలకు, ఆ గది మొత్తం ఒక పీడన పాత్రలాగా పనిచేస్తుంది. డోలు, తబలా బాయా, బేస్ గిటారు మోతలు ఉచితంగా బలపడతాయి.

తెరచిన జీపులో ఈ రెండూ ఉండవు. బయటికి వెళ్ళిన ధ్వని వెళ్ళినట్టే, తిరిగి రాదు. విలోమ వర్గ సూత్రం ప్రకారం దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగోవంతుకి, అంటే 6 డెసిబెల్లు పడిపోతుంది. కాలి దగ్గర మోగే స్పీకరు కంటే చెవి దగ్గర మోగే స్పీకరు మేలనడానికి ఇదే కారణం.

దీనికి తోడు గాలి. అద్దం అంచునీ గొట్టాలనీ రాసుకుంటూ పోయే గాలి పుట్టించే రొద, సిద్ధాంతం ప్రకారం, వేగం యొక్క ఆరవ ఘాతంతో పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల నుంచి 80కి వెళ్ళామనుకోండి. 2ని ఆరుసార్లు హెచ్చిస్తే 64. అంటే రొద శక్తి 64 రెట్లు, డెసిబెల్లలో సుమారు 18. పాట అదే మోతాదులో వినబడాలంటే యాంప్లిఫయరు కూడా 64 రెట్లు శక్తినివ్వాలి. 40లో 1 వాటు సరిపోతే 80లో 64 వాట్లు కావాలన్నమాట. ఇక 100 దాటితే చెప్పనే అక్కర్లేదు. గాలితో పందెం వేసి ఏ యాంప్లిఫయరూ గెలవదు. కాబట్టి మన లక్ష్యం ఊరి రోడ్డు మీద, 40, 50 కిలోమీటర్ల వేగంలో మాటలు స్పష్టంగా వినపడటమే. అంతకు మించి ఆశపడితే జేబుకీ చెవికీ రెండింటికీ చేటు.

2. "50 వాట్లు" అనే మాటలో నిజమెంత?

చాలా సెట్ల మీద "50 × 4 వాట్లు" అని రాసి ఉంటుంది. ఇది లెక్క కట్టి చూద్దాం.

ఇంజను నడుస్తున్నప్పుడు బండిలో వోల్టేజి సుమారు 14.4. సెట్టులోని చిప్పు స్పీకరు రెండు వైర్లనీ వ్యతిరేక దిశల్లో నెడుతుంది. ఒకటి పైకి పోతే రెండోది కిందికి. దీన్ని బ్రిడ్జి పద్ధతి అంటారు. ఈ పద్ధతిలో స్పీకరు చివరల మధ్య శిఖర వోల్టేజి దాదాపు సరఫరా వోల్టేజి దాకా పోగలదు. చిప్పులో పోయే నష్టం తీసేస్తే 13 వోల్టులు అనుకుందాం. సైన్ తరంగానికి ప్రభావ విలువ 13ని 1.414తో భాగిస్తే 9.2 వోల్టులు. స్పీకరు అవరోధం 4 ఓమ్‌లు. సామర్థ్యం = 9.2 × 9.2 ÷ 4 = సుమారు 21 వాట్లు.

మరి 50 ఎక్కడిది? 14.4 × 14.4 ÷ 4 = 51.8. అంటే సెట్టు సైన్ తరంగం కాకుండా, తల తెగిన చతురస్ర తరంగాన్ని, ఒక్క వోల్టు కూడా నష్టం లేకుండా ఇస్తే వచ్చే అంకె అది. అట్లాంటి తరంగం సంగీతం కాదు, గోల. కాబట్టి అట్ట మీది 50ని ఇంటికొచ్చాక 20గా చదువుకోవాలి. షాపులో "వెయ్యి వాట్లు" అని చెప్పినప్పుడు కూడా ఈ లెక్క గుర్తుంచుకుంటే మోసపోము. ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎన్ని, ఎన్ని ఓమ్‌ల దగ్గర అని అడగండి.

3. కంపెనీ సెట్టును ఎందుకు ఉంచాలి?

పాత రోజుల్లో సెట్టు అంటే రేడియో, క్యాసెట్టు మాత్రమే. పీకేసి ఇంకోటి పెట్టినా నష్టం లేదు. ఇప్పటి బండ్లలో చాలావాటికి వెనక కెమెరా బొమ్మ, బండి సమాచారం, స్టీరింగు మీది బటన్లు, ఫోను మాటలు అన్నీ ఆ సెట్టుకే ముడిపడి ఉంటాయి. దాన్ని తీస్తే ఆ ముడులన్నీ ఊడతాయి. డ్యాష్‌బోర్డు గుంత ఆకారం కూడా వేరే సెట్టుకి సరిపడకపోవచ్చు. పైగా వైర్లు కోసిన బండికి ఆ భాగం వారంటీ ఇవ్వమనే వీలు కంపెనీకి దొరుకుతుంది. కాబట్టి మొదటి నియమం: బండి వైరు ఏదీ కోయవద్దు. ఆ మోడలుకు సరిపడే కప్లర్లు మార్కెట్టులో దొరుకుతాయి. మధ్యలో అవి పెడితే, రేపు బండి అమ్మేటప్పుడు అన్నీ తీసి యథాస్థితికి తేవచ్చు.

నిజానికి లోపం ఎక్కువగా సెట్టులో ఉండదు. ఆ తర్వాత ఉండే స్పీకర్లలో, యాంప్లిఫయరు లేకపోవడంలో ఉంటుంది. మెదడు బాగానే ఉంది, గొంతు చిన్నది అన్నమాట.

4. మొదటి మెట్టు – స్పీకర్లు

ఛెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో కదిలే చుట్ట ఉన్న స్పీకరుని ఆచరణయోగ్యంగా చేసి చూపారు. నేటి స్పీకరు ప్రాథమికంగా అదే: అయస్కాంత క్షేత్రంలో ఒక తీగచుట్ట, దానికి అతికించిన శంకువు.

స్పీకరు కొనేటప్పుడు అందరూ వాట్లు చూస్తారు. చూడవలసింది సున్నితత్వం. 1 వాటు ఇచ్చి 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్లు వస్తుందో చెప్పే అంకె అది. ఒకటి 87, ఇంకొకటి 93 అనుకుందాం. తేడా 6 డెసిబెల్లే కదా అనిపిస్తుంది. కానీ ప్రతి 3 డెసిబెల్లకీ సామర్థ్యం రెట్టింపు కావాలి. కాబట్టి 6 అంటే నాలుగు రెట్లు. 93 స్పీకరుకి కంపెనీ సెట్టు ఇచ్చే 20 వాట్లు, 87 స్పీకరుకి 80 వాట్లతో సమానం. అంటే స్పీకరు ఎంపికతోనే, యాంప్లిఫయరు కొనకుండా, నాలుగు రెట్లు బలం వచ్చింది! అందుకని ముందు స్పీకర్లు మార్చి ఒక వారం వినండి. చాలామందికి అక్కడితోనే తృప్తి కలుగుతుంది.

ఇక్కడ మూడు జాగ్రత్తలు.

ఒకటి, ఓమ్‌లు. 4 ఓమ్‌ల స్పీకర్లు రెండింటిని సమాంతరంగా ఒకే జత వైర్లకు తగిలిస్తే ఫలిత నిరోధం 2 ఓమ్‌లే. కరంటు రెట్టింపవుతుంది, సెట్టు చిప్పు కాలుతుంది. "ఇంకో రెండు స్పీకర్లు ఇక్కడే కలిపేద్దాం" అనే మాట ఎవరైనా అంటే వద్దని చెప్పండి.

రెండు, ధ్రువత. ఒక స్పీకరు శంకువు ముందుకి పోతున్నప్పుడు రెండోది వెనక్కి పోతే రెండు తరంగాలూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మనం పాఠంలో చదివే విధ్వంసక వ్యతికరణమే ఇది. బేస్ మాయమవుతుంది. పరీక్ష సులువు. వైరు విప్పి 1.5 వోల్టుల పెన్ను బాటరీని ఒక్క క్షణం తాకించండి. పాజిటివ్‌కి పాజిటివ్ తాకితే పెద్ద శంకువు బయటికి దూకాలి. లోపలికి పోతే గుర్తులు తారుమారైనట్టు.

మూడు, పెట్టె. స్పీకరు ముందు తరంగం, వెనక తరంగం వ్యతిరేక దశలో ఉంటాయి. 100 హెర్ట్జుల తరంగం పొడవు సుమారు 3.4 మీటర్లు, అది స్పీకరు అంచు చుట్టూ తేలిగ్గా తిరిగి వచ్చి ముందు తరంగాన్ని రద్దు చేస్తుంది. తలుపులు ఊడదీసే జీపుల్లో గొట్టానికి ఊరకే బిగించిన స్పీకరు కీచుమనడానికి కారణం ఇదే. వెనక మూసి ఉన్న డొప్పలో, గాలి చొరబడకుండా బిగించాలి.

5. రెండవ మెట్టు – యాంప్లిఫయరు, దానికి సంకేతం

స్పీకర్లు మార్చినా చాలకపోతే అప్పుడు నాలుగు దారుల చిన్న యాంప్లిఫయరు, దారికి 50 వాట్ల ఆర్.ఎం.ఎస్. ఉన్నది చాలు. 20 నుంచి 50కి పోతే 4 డెసిబెల్లు పెరుగుతుంది. ఇది చూడటానికి తక్కువే. అయినా అసలు లాభం వేరే. మోత పెంచినప్పుడు తరంగం తల తెగకుండా, మాట చీలిపోకుండా ఉంటుంది.

కంపెనీ సెట్టుకి వెనక ఆర్.సి.ఎ. సాకెట్లు ఉంటే సంకేతం అక్కడినుంచి తీసుకోవచ్చు. చాలావాటికి ఉండవు. అప్పుడు స్పీకరు వైర్ల నుంచే తీసుకోవాలి. యాంప్లిఫయరుకే "హై లెవెల్" ఇన్‌పుట్ ఉంటే నేరుగా, లేకపోతే లైన్ అవుట్‌పుట్ కన్వర్టరు అనే చిన్న డబ్బా మధ్యలో పెట్టి. ఆ డబ్బా చేసే పని 9 వోల్టుల సంకేతాన్ని యాంప్లిఫయరు తట్టుకొనే ఒకటి రెండు వోల్టులకు దించడం.

ఇక్కడొక తిరకాసు ఉంది, బాగా గమనించండి. ముందు చెప్పిన బ్రిడ్జి పద్ధతిలో స్పీకరు రెండు వైర్లూ సరఫరాలో సగం, అంటే 6, 7 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటాయి. నలుపు చార ఉన్న వైరు ఎర్త్ కాదు! దాన్ని బండి బాడీకి తగిలిస్తే చిప్పు ఒక్క క్షణంలో పోవచ్చు. ఇంట్లో పాత రేడియోలు విప్పిన అలవాటున్నవాళ్ళు "మైనస్సే కదా" అనుకునేది ఇక్కడే.

కొన్ని కంపెనీ సెట్లకి ఇంకో రెండు గుణాలున్నాయి. స్పీకరు లేదని తెలిస్తే ఆ దారిని మూసేయడం ఒకటి. అప్పుడు తగిన లోడు నిరోధకం పెట్టాలి. వాల్యూము పెంచుతున్నకొద్దీ, చిన్న స్పీకర్లు చిరగకుండా, బేస్ తగ్గించడం రెండవది. దీన్ని మల్టీమీటరుతో పట్టుకోవచ్చు. 50 హెర్ట్జుల స్వరం, 400 హెర్ట్జుల స్వరం ఫోనులోంచి ఒకదాని తర్వాత ఒకటి వాయించి, తక్కువ వాల్యూములోనూ ఎక్కువ వాల్యూములోనూ స్పీకరు వైర్ల మీద ఏ.సి. వోల్టేజి రాసుకోండి. రెండింటి నిష్పత్తి మారకపోతే సెట్టు నిజాయితీపరుడే. మారితే, సరిదిద్దే సౌకర్యమున్న ప్రాసెసరు కావాలి, మామూలు కన్వర్టరు చాలదు.

6. వైరు, ఫ్యూజు, ఎర్త్

బోరు మోటారుకి దూరం నుంచి సన్న వైరు లాగితే ఏమవుతుందో మన రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. మోటారు మూలుగుతుంది, వైరు వెచ్చబడుతుంది. సన్న బోదెలో పెద్ద నీరు పారదు. జీపులోనూ అంతే.

నాలుగు దారులు కలిపి 200 వాట్లు. ఏబీ తరగతి యాంప్లిఫయరు దక్షత 55 శాతం అనుకుంటే బాటరీ నుంచి 364 వాట్లు లాగుతుంది. 13.8 వోల్టుల దగ్గర అది 26 ఆంపియర్లు. డీ తరగతిదైతే 80 శాతం దక్షతతో 18 ఆంపియర్లే. వేడి తక్కువ, సీటు కింద ఇమిడే సైజు. తెరచిన బండికి డీ తరగతే మేలు.

26 ఆంపియర్లకి 4 మీటర్ల రాగి వైరు వేద్దాం. రాగి నిరోధకత 1.72 × 10⁻⁸ ఓమ్ మీటరు. 8 చదరపు మిల్లీమీటర్ల వైరైతే నిరోధం 0.0086 ఓమ్, వోల్టేజి నష్టం 0.22, వైరులో వేడి సుమారు 6 వాట్లు. ఇంటి దీపాలకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే నిరోధం 0.046 ఓమ్, నష్టం 1.2 వోల్టులు, వేడి 31 వాట్లు. 31 వాట్ల వేడి కార్పెట్టు కింద దాచిన వైరులో! సంగీతం ఎప్పుడూ పూర్తి శక్తితో మోగదు కనుక సగటు వేడి దీనికంటే తక్కువే. అయినా లెక్క గరిష్ఠానికే వేయాలి.

ఇంకో మోసం ఉంది. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న వైరు లావుగా, చౌకగా దొరుకుతుంది. నిరోధం రాగికంటే ఒకటిన్నర రెట్లకు పైనే. బ్లేడుతో గీకి చూడండి, తెల్లగా కనబడితే అదే.

ఫ్యూజు సంగతి ముఖ్యం. ఫ్యూజు యాంప్లిఫయరుని కాపాడటానికి అనుకుంటారు. కాదు, వైరుని కాపాడటానికి. వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి బాడీకి తగిలితే, బాటరీ అంతర్నిరోధం 0.01 ఓమ్ కలుపుకొని 12 ÷ 0.0186, అంటే 600 ఆంపియర్లకు పైన పారుతుంది. క్షణాల్లో తొడుగు మండుతుంది. అందుచేత ఫ్యూజు బాటరీకి ఒక మూరెడు దూరంలోపే ఉండాలి. అవతలి చివర యాంప్లిఫయరు దగ్గర పెడితే మధ్యలో ఉన్న వైరంతా గాలిలో దీపమే. 8 చదరపు మిల్లీమీటర్ల వైరుకి 30 లేక 40 ఆంపియర్ల ఫ్యూజు చాలు. పోయిన ఫ్యూజు స్థానంలో సిగరెట్ వెండి కాగితం చుట్టడం మన పల్లెల్లో పాత అలవాటు. దయచేసి మానండి. ఇంజను గది రేకు దాటేచోట రబ్బరు గ్రోమెట్టు తప్పనిసరి.

ఎర్త్ వైరు కూడా అంతే లావుండాలి. పెయింటు గీకి, మెరిసే రేకుకి బోల్టు బిగించి, పైన గ్రీజు రాయాలి, లేకపోతే తుప్పు పడుతుంది. ఎర్త్ సరిగా లేకపోతే ఇంజను వేగంతో పాటు హెచ్చుతగ్గులయ్యే ఈలపాట స్పీకర్లలో వినిపిస్తుంది. అది ఆల్టర్నేటరు రొద, మన మెకానిక్కులు డైనమో అంటారే, దానిది. కరంటు వైరు ఒక పక్క, సంకేతం వైరు రెండో పక్క పోనివ్వడం కూడా అందుకే.

పని మొదలుపెట్టే ముందు బాటరీ నెగటివ్ మొదట విప్పాలి, చివర బిగించాలి. పసుపు తొడుగు వైర్లు సాధారణంగా ఎయిర్ బ్యాగువి, వాటి జోలికి పోవద్దు.

యాంప్లిఫయరు ఆన్ అయ్యే "రిమోట్" వైరు సెట్టుతో పాటే ఆరిపోయేటట్లు ఉండాలి. నేరుగా బాటరీకి ఇస్తే ఊరికే కూర్చున్నప్పుడు కూడా అర ఆంపియరు తాగినా, రోజుకి 12 ఆంపియర్ గంటలు. మూడు రోజుల తర్వాత సెల్ఫ్ తిరగదు. ఇంజను ఆపి చెరువుగట్టు మీద పాటలు వినేవాళ్ళకి ఒక లెక్క: 45 ఆంపియర్ గంటల బాటరీలో సగం మించి వాడకూడదు, సెట్టూ యాంపూ కలిసి సగటున 6 ఆంపియర్లు తీసుకుంటే మూడున్నర గంటల్లో లేచి రావాలి.

7. నీరు, దుమ్ము, ఎండ

మూసిన కారుకి లేని శత్రువులు ఇవి. కాగితపు శంకువు ఒక్క వానకి ఉబ్బిపోతుంది, పాలీప్రొపిలీన్ శంకువు ఉబ్బదు. అంచు ఫోముదైతే ఎండకి పొడిపొడిగా రాలిపోతుంది, రబ్బరుది నిలుస్తుంది. డబ్బా మీద ఐ.పి. అని రెండంకెలు ఉంటాయి. మొదటిది దుమ్ముకి, రెండవది నీటికి. 65 అంటే దుమ్ము చొరబడదు, నీటి ధార తట్టుకుంటుంది. 67 అంటే కొద్దిసేపు మీటరు లోతు నీటిలో మునిగినా ఫరవాలేదు. పడవల కోసం చేసిన మెరైన్ రకం స్పీకర్లు ఎండకీ ఉప్పుగాలికీ తట్టుకునేటట్లు చేస్తారు, కాకినాడ, బాపట్ల వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్ళకి అవి తగినవి.

యాంప్లిఫయరుని నేల మీద కాకుండా సీటు కింద ఎత్తులో బిగించాలి. దానికి వచ్చే ప్రతి వైరూ కొంచెం కిందికి వంగి మళ్ళీ పైకెక్కేటట్లు వేయండి. వైరు వెంట జారిన నీరు ఆ వంపు దగ్గర కింద పడిపోతుంది, లోపలికి పోదు. ఇంటి కప్పు మీదినుంచి వచ్చే సర్వీసు వైరుకి కరెంటువాళ్ళు వదిలే వంపు లాంటిదే ఇదీ. కంపెనీ సెట్టు తెర తుంపర్లకు తట్టుకోవచ్చు, పైపుతో కడగడానికి కాదు.

8. సర్దుబాటు

చిన్న స్పీకర్లకి లోతైన బేస్ ఇవ్వకూడదు. ఒకే మోత కావాలంటే పౌనఃపున్యం సగమైనప్పుడల్లా శంకువు కదలిక నాలుగు రెట్లు కావాలి. 100 దగ్గర 1 మిల్లీమీటరు కదిలేది 50 దగ్గర 4 కదలాలి, 25 దగ్గర 16. ఏ స్పీకరు తట్టుకుంటుంది? కాబట్టి యాంప్లిఫయరులో హై పాస్ ఫిల్టరుని 80, 100 హెర్ట్జుల మధ్య పెట్టండి. యాంప్లిఫయరు లేనివాళ్ళు శ్రేణిలో ధ్రువత లేని కెపాసిటరు పెట్టవచ్చు. 4 ఓమ్‌లకి, 100 హెర్ట్జులకి సూత్రంలో వేస్తే సుమారు 400 మైక్రోఫారడ్లు వస్తుంది.

గెయిన్ మర వాల్యూము కాదు. సెట్టు ఇచ్చే సంకేతానికీ యాంప్లిఫయరు శక్తికీ కుదిర్చే పొంతన అది. పద్ధతి ఇదీ: స్పీకర్లు విప్పండి, ఫిల్టరు తాత్కాలికంగా తీసేయండి. 100 హెర్ట్జుల స్వరం వాయించి సెట్టు వాల్యూము ముప్పాతిక దాకా పెట్టండి. 50 వాట్లు, 4 ఓమ్‌లకి కావలసిన వోల్టేజి 50 × 4 యొక్క వర్గమూలం, అంటే 14.1. మల్టీమీటరు అది చూపేదాకా గెయిన్ తిప్పి ఆపండి. తర్వాత ఫిల్టరు, స్పీకర్లు యథాప్రకారం. చౌక మల్టీమీటరు ఏ.సి.ని 400 హెర్ట్జుల లోపే సరిగా చూపుతుంది కనుక 100 తీసుకున్నాను. కాలేజీ సి.ఆర్.ఓ. దొరికితే మరీ మంచిది, తరంగం తల ఎక్కడ తెగుతుందో కంటితో చూడవచ్చు.

9. చివరికి చెవులు

ఇంతవరకూ పాట పెంచడం గురించి చెప్పాను. ఇప్పుడు తగ్గించడం గురించి.

అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1998లో ఇచ్చిన సిఫారసు ప్రకారం 85 డెసిబెల్ల మోతలో రోజుకి 8 గంటలు మించి ఉండకూడదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్లకీ సమయం సగం. 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒకటి, 100కి పావుగంట. లోపలి చెవిలోని రోమ కణాలు ఒకసారి చస్తే మళ్ళీ మొలవవు. మన పొలంలో నారు పోతే మళ్ళీ పోసుకుంటాం. ఇది ఆ రకం కాదు.

క్యాబిను లేని ట్రాక్టరు మీద, దుక్కి సమయంలో, నడిపేవాడి చెవి దగ్గర రొద 90 డెసిబెల్లు దాటడం మామూలే. మా నాన్న ముప్పై ఏళ్ళుగా ట్రాక్టరు తోలుతున్నారు. ఇంట్లో అమ్మ ఏదైనా చెబితే "ఆఁ? ఏంటీ?" అని రెండోసారి అడగందే జవాబు రాదు. ఫోను ఎత్తితే నా మాట కంటే ఆయన మాటే గట్టిగా ఉంటుంది. అది కోపమని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఫిజిక్సు చదివాక అర్థమైంది.

ఇప్పుడు ఆ ట్రాక్టరు మీద, ఆ జీపులో మనం స్పీకర్లు బిగిస్తున్నాం. రొద 90 ఉంటే పాట వినపడాలంటే దానికి పైన పెట్టాలి. అంటే గంటల లెక్క నిమిషాల్లోకి వస్తుంది. మా చిన్నాన్న కొడుకు "అన్నయ్యా, పాట లేకపోతే దుక్కి సాగదు" అంటాడు. వాడి మాటా నిజమే, ఎండలో ఒంటరి పని. వాడికి నేను చెప్పింది ఇదే: "దున్నేటప్పుడు చెవులకి ప్లగ్గులు పెట్టుకో, పాట చెట్టుకింద భోజనం దగ్గర విను." సగం వింటున్నాడు. ప్లగ్గులు పెట్టుకుంటున్నాడు, పాట మాత్రం మానలేదు.

రోడ్డు సంగతి కూడా ఉంది. కప్పు లేని జీపులో వెనక లారీ హారను మనకి వినపడాలి. పక్క సీటు మనిషితో మామూలు గొంతుతో మాట్లాడలేకపోతున్నామంటే వాల్యూము హద్దు దాటినట్టే. ఇంకొకరి నిద్ర కూడా మన బాధ్యతే. మన దేశపు శబ్ద కాలుష్య నిబంధనలు 2000 సంవత్సరంలో వచ్చాయి. వాటి ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్లు హద్దు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. జీపుకి గోడలు లేవు కనుక మన పాట ఊరందరి పాట అవుతుంది. ఊళ్ళో పరీక్షలకి చదువుకునే పిల్లలూ, జ్వరంతో పడుకున్న ముసలివాళ్ళూ ఉంటారు.

చెప్పినదంతా వరసలో పెడితే ఇదీ: సెట్టు ఉంచండి. ముందు సున్నితమైన, నీటికి తట్టుకొనే స్పీకర్లు చెవికి దగ్గరగా, మూసిన డొప్పల్లో పెట్టండి. చాలకపోతేనే డీ తరగతి చిన్న యాంప్లిఫయరు. అసలు రాగి వైరు, బాటరీ పక్కనే ఫ్యూజు. బేస్ కోసం గాలితో పోట్లాడవద్దు, మాట స్పష్టత చాలు. ఈ పనుల్లో మన రెండవ సంవత్సరం పాఠాలు దాటి పోయిన లెక్క ఒక్కటీ లేదు. సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు ఇంటి బండి బానెట్టు ఎత్తి, ఫ్యూజు ఎక్కడుందో, అసలు ఉందో లేదో ఒకసారి చూసి రండి.